కారెంపూడి వీరారాధనము

కార్తిక బహుళ పక్షము చివరకు వచ్చుసరికి గుంటూరు, ప్రకాశము ప్రాంతముల మెట్టపొలములలో ఎవరికిని తీరిక ఉండదు. పత్తికాయ పగిలి చేలు తెల్లబడుచుండును. మిరపతోటలు పూతకును పిందెకును వచ్చి రైతును ఇంటిపట్టున నిలువనీయవు. అట్టి పనిదినములలో కొన్ని కుటుంబములవారు పనులన్నియు విడిచి, తరతరములుగా తమ వద్ద నున్న పాత ఆయుధములను వెలికితీసి, శుభ్రపరచి, పసుపు కుంకుమలు పెట్టి, పూలతో అలంకరించి, భుజమున మోసికొని కారెంపూడికి బయలుదేరుదురు. ఆ ఆయుధములను వారు కొణతములందురు. వారు పోవునది కేవలము ఒక దేవాలయమునకు కాదు; ఒక రణభూమికి. ఎనిమిది వందల యేండ్లకు పూర్వము వీరులు కూలిన నేలకు ఏటేట మరలి పోవుచున్నారు.

యుద్ధములలో పోరాడినవారిని గౌరవించుట, వారు పోరాడిన స్థలములను దర్శించుట నేడు అన్ని దేశములలోను ఉన్న ఆచారమే. పేర్లు చెక్కిన గోడలు, రాతి స్తంభములు, పుష్పగుచ్ఛములు, రెండు నిమిషముల మౌనము మనము చిత్రములలో చూచుచునే యున్నాము. ఈ ఆచారమంతయు మొదటి ప్రపంచ యుద్ధము తరువాత పడమటి దేశములలో పుట్టి మన కెరవు వచ్చినదని చాలమంది తలంతురు. కాని మన ముంగిటనే, దర్శి నుండి ఒక పూట ప్రయాణములో, అంతకంటె ఎంతయో పాత ఆచారము ఇంకను సజీవముగా నున్నది. అది ఏమి చెప్పుచున్నదో విచారించుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

నే నక్కడికి పోయినప్పుడు నాతో వచ్చినవారు దర్శి ప్రాంతమువారైన ఒక విశ్రాంత సుబేదారుగారు. 1971లో తూర్పు సరిహద్దున జరిగిన యుద్ధమున వారు పిన్న వయస్సు సిపాయి. డెబ్బది దాటిన వయస్సున కూడ నడక నిటారుగానే యున్నది. కురిచేడు మీదుగా వినుకొండకు, అచ్చట నుండి పలనాటిలోనికి మా ప్రయాణము సాగినది. త్రోవలో వారు దొనకొండ మాట యెత్తిరి. దర్శికి పడమర దిక్కున నున్న ఆ యూరిలో రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ఆంగ్లేయులు విమానముల కొక మైదానము కట్టించిరి. చిన్ననాడు అక్కడి ఖాళీనేలను చూచియే తమకు పటాలముమీద మనసు పోయినదని వారు నవ్వుచు చెప్పిరి. ప్రపంచ యుద్ధము మన కందిచేల వరకును వచ్చి పోయినది. కాని ఆ సంగతి దారిన పోవువారిలో ఎందరికి తెలియును?

కారెంపూడి నేడు పలనాడు జిల్లాలో, నాగులేటి ఒడ్డున నున్నది. ఆ యేరు ముందుకు పోయి కృష్ణలో కలియును. పాత కథలలో దీనికి కార్యమపూడి యని పేరు. క్రీస్తుశకము పండ్రెండవ శతాబ్దపు చివరి భాగమున, 1182 ప్రాంతమున, ఇచ్చట పలనాటి యుద్ధము జరిగినదని చరిత్రకారులు సామాన్యముగా చెప్పుదురు. అప్పటికి వెలనాటి చోడుల బలము తగ్గుచుండెను. ఓరుగంటి కాకతీయుల బలము పెరుగుచుండెను. ఆ నడిమి కాలమున పలనాటిని ఏలినవారు హైహయ వంశీయులు. ఆ వంశపు అనుగురాజు ఉత్తరాది నుండి వచ్చి, చందవోలు ప్రభువుల యింటి ఆడపడుచు మైలమను వివాహమాడి, పలనాటిని అరణముగా పొందెనని కథ.

అనుగురాజు పెద్ద కుమారుడు నలగామరాజు. మరియొక భార్యకు పుట్టిన కుమారులలో మలిదేవరాజు పెద్దవాడు. సవతి సోదరుల మధ్య రాజ్యము రెండైనది. గురజాలలో నలగాముడు, మాచెర్లలో మలిదేవుడు నిలిచిరి. గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మ మంత్రిణి. మాచెర్ల పక్షమున బ్రహ్మనాయుడు మంత్రి. పండ్రెండవ శతాబ్దమున ఒక స్త్రీ రాజ్యతంత్రము నడపుట ఎంత విశేషమో, బ్రహ్మనాయుడు చేసిన పనియు అంత విశేషమే. అతడు చెన్నకేశవుని భక్తుడై, కులభేదము లేక అందరిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి అన్నము పెట్టించెను. దానినే చాపకూడు అందురు. మాల కులమున పుట్టిన కన్నమదాసును కుమారునివలె చేరదీసి సేనా నాయకుని చేసెను.

రెండు ఇండ్ల వైరము యుద్ధముగా మారుటకు కారణమైనది కోడిపందెము. నాగమ్మ కోడికి, బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లుకు పోరు జరిగినది. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని ఒడంబడిక. మాచెర్ల పక్షము ఓడినది. మలిదేవుడు, బ్రహ్మనాయుడు పరివారముతోను పశువుల మందలతోను వలసపోయిరి. ఆ వలసలో ఉండగా శత్రుపక్షమువారు మందలపై పడిరి. పశువులను కాచుచున్న లంకన్న పోరాడి ప్రాణము విడిచెను. అదియే మందపోరు. వలసకాలపు నివాసములలో ఒకటిగా కథ చెప్పు మేడపి నేటికిని త్రిపురాంతకము చెంత నున్నది. కాబట్టి ఈ చరిత్ర పలనాటి కొక్కదానికే చెందినది కాదు. మన మెట్టసీమకును అందులో పాలు కలదు.

ఏడేండ్లు నిండినవి. తమ భాగము తమకిమ్మని అడుగుటకు మలిదేవుని పక్షమున అలరాజు రాయబారమునకు పోయెను. అతడు కొమ్మరాజు కుమారుడు; నలగామరాజునకు సాక్షాత్తు అల్లుడు. మామ యింటికి పోయిన ఆ దూత తిరిగి రాలేదు. చర్లగుడిపాడున విషప్రయోగమున మరణించెనని కథ. భార్య పేరిందేవి భర్తతో సహగమనము చేసెను. తండ్రి పక్షము భర్తను చంపగా నిప్పులలో దుమికిన ఆమెకు ఏ పక్షము తనది? పలనాటి కథలో నాయకుల శౌర్యము విన్నవారు ఒకొక్కప్పుడు ఈ ప్రశ్నను దాటిపోవుదురు. పాడువారు మాత్రము దాటిపోరు.

ఆ మీదట కార్యమపూడి కదనము. బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు ఇంకను బొంగరములాడు వయస్సువాడు. ఆ యాటలో బొంగరము తగిలిన ఒక స్త్రీ, పెద్దలందరు యుద్ధభూమిలో నుండగా నీకిచ్చట ఆట లేమని దెప్పినదట. అతడు తల్లి ఐతాంబ వద్దను, భార్య మాంచాల వద్దను సెలవు తీసికొని, వేరువేరు కులములకు చెందిన తమ్ములతో కూడి రణమునకు పోయెను. అన్నదమ్ముల వలె పెరిగినవారు కనుక వారు తమ్ములు. అందులో బ్రాహ్మణుడైన అనపోతును బ్రతికింపవలెనని త్రోవ నుండి ఒక నెపముతో వెనుకకు పంపగా, ఆ సంగతి తెలిసికొని అతడు ప్రాణత్యాగము చేసెను. పెద్దలు సంధి మాట ఆలోచించుచుండగా బాలచంద్రుడు యుద్ధమే కావలెననెను. నరసింగరాజును చంపి తానును కూలెను. కొమ్మరాజు పోయెను, ఒకరి వెనుక ఒకరుగా వీరులందరును పోయిరి.

ఇక యుద్ధాంతము. బ్రహ్మనాయుని పక్షము గెలిచినదనియే చెప్పుదురు. కాని గెలిచి ఏమి చేసెను? నాగమ్మను చంపక విడిచిపెట్టెను. ఎవనితో పోరెనో ఆ నలగామరాజునకే పట్టము కట్టెను. తాను గుత్తికొండ బిలమునకు పోయి తపస్సులో నిలిచెను. కొడుకు లేడు, కొడుకు వంటివారు లేరు, ఎవరికొరకు పోరెనో ఆ మలిదేవాదులు లేరు. గెలుపును అనుభవించుటకు మిగిలినవారు లేనప్పుడు సింహాసనము ఎవరిదైన నేమి? ఈ ముగింపును మనసున నుంచుకొనిన గాని కారెంపూడి ఉత్సవము మనకు అర్థము కాదు.

ఈ కథ ఇన్ని శతాబ్దములు నిలిచినది మొదట పాటగా, పిదప పుస్తకముగా. కాకతీయుల నాటి ఓరుగంటిని వర్ణించిన క్రీడాభిరామమున, నగరవీథిలో ఒక స్త్రీ పలనాటి వీరుల కథను పాడుచున్నట్లున్నది. ఆ గ్రంథకర్తగా పేరు గలవాడు వినుకొండ వల్లభరాయడు. మేము ఆ వినుకొండ మీదుగానే పోయితిమి. శ్రీనాథుని పేర నున్న పలనాటి వీరచరిత్రము ద్విపదకావ్యము. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. ఆ తరువాతనే చదువరులకు ఈ కథ సాహిత్యమైనది. అంతకుముందును, ఆ పిమ్మటను దీనిని మోసినవారు వీరవిద్యావంతులు. కారెంపూడిలో వీరుల కథను గానము చేయుట వారి వృత్తి, వారి వ్రతము. 1974లో జీన్ రోగైర్ అను అమెరికా దేశపు పండితుడు పలనాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య అను గాయకుడు పాడిన కథను ధ్వనిముద్రణ చేసి, ఆంగ్లమునకు మార్చి 1982లో గ్రంథముగా వెలువరించెను. రేయింబవళ్లు సాగు కథ ఆ గాయకుని కంఠముననే యుండెను. చేతిలో కాగితము లేదు.

ఇప్పుడు ఉత్సవము సంగతి. కార్తిక అమావాస్యనాడు మొదలై అయిదు దినములు సాగును. మొదటి దినము రాచగావు, రెండవది రాయబారము, మూడవది మందపోరు, నాలుగవది కోడిపోరు, అయిదవది కళ్లిపాడు. వీరాచారమును పాటించువారిని ఆచారవంతులందురు. అనేక గ్రామముల నుండి, ఇతర జిల్లాల నుండి వారు కొణతములతో వచ్చి, నాగులేటిలో స్నానము చేసి, ఆయుధములకు స్నానము చేయించి, చెన్నకేశవుని, అంకాలమ్మను సేవించి, వీరుల గుడికి చేరుదురు. పీఠాధిపతిగా పిడుగువారి వంశమువారు ఉత్సవము జరిపించుట ఆచారము. వీరుల గుడిలో వీరులకు గుర్తుగా లింగాకారపు రాళ్లున్నవి. అరువదియారుగురు వీరనాయకులని లెక్క చెప్పుదురు.

డప్పులు మ్రోగుచుండగా కత్తులు పట్టిన ఆచారవంతులు ఊరేగుచు వచ్చుట చూడవలసిన దృశ్యమే. అయినను అది సైనిక ప్రదర్శనము వంటిది కాదు. ఆయుధమును పట్టినవాని ముఖమున గర్వము కంటె ఆవేశము, ఆవేశము కంటె దుఃఖము ఎక్కువ. కొందరు వీరావేశమున తూలిపోవుదురు; పక్కనున్నవారు పట్టుకొందురు. ఆ ఆయుధము వాని సొత్తు కాదు. ఒక వీరుని పేర దానిని మోయుచున్నాడు. రేపు వాని కొడుకు మోయును. చనిపోయిన యోధుని దేహము లేదు, సమాధి లేదు. పేరును, ఆయుధమును, దానిని మోయు భుజమును మాత్రమే యున్నవి.

మూడవ దినమున మందపోరు తలచుకొని, చాపకూడు కూడ జరుపుదురు. నాలుగవ దినమున బ్రహ్మనాయునికి, నాగమ్మకు ప్రతినిధులుగా ఇరుపక్షములవారు నిలువగా కోళ్లను దింపి ఆ పందెమును మరల నటింతురు. కడపటి దినమైన కళ్లిపాడు వీరుల పతనమును తలచుకొను దినము. కళ్లిపాడు అనగా వారి మాటలో రణభూమి.

మేము వీరుల గుడి బయట ఒక అరుగుమీద కూర్చుండి ఈ వరుసను ఒక పెద్ద ఆచారవంతుని అడిగి తెలిసికొనుచుంటిమి. సుబేదారుగారు వ్రేళ్లమీద లెక్కపెట్టుకొనిరి. పిమ్మట నా వైపు తిరిగి, "బాబూ, అయిదు రోజులూ విన్నాను. ఇందులో గెలిచిన రోజు ఏది?" అని అడిగిరి.

నాకు వెంటనే సమాధానము తోచలేదు. నిజమే గదా! బలి యొకటి, విఫలమైన రాయబార మొకటి, పశువుల మందకొరకు జరిగిన పో రొకటి, కోడిపందె మొకటి, పతన మొకటి. ఎనిమిది వందల యేండ్లుగా వీరులను పూజించుచున్న ఈ ఉత్సవమున విజయదినము లేదు.

ఇంకొక విశేషము కూడ కలదు. కథలో కోడిపందెము మొదటిది, మందపోరు రెండవది, రాయబారము మూడవది. ఉత్సవమున ఈ వరుస తలక్రిందులైనది. రాయబారము ముందు, మందపోరు పిదప, కోడిపోరు అన్నిటి తరువాత. ఎందుచేత ఇట్లయినదో ఆచారము చెప్పదు. నాకు తోచిన భావమును మాత్రము మనవి చేయుచున్నాను. వీరులు కూలిన దినమునకు ఒక్క దినము ముందు ఆ కోడిపందెము నిలిచియున్నది. ఇందరు బిడ్డలు రేపు పడిపోనున్నారు, దేనికొరకు? ఇదిగో, దీనికొరకు. నిన్నటి కోళ్ల కాలిధూళి అణగకముందే నేటి పతనము. కారణము యొక్క అల్పత్వమును, త్యాగము యొక్క గొప్పతనమును పక్కపక్కన నిలిపి చూపుటకంటె యుద్ధమును గూర్చి చెప్పదగిన మాట వేరొకటి యున్నదా? వీరుని తక్కువ చేయలేదు. యుద్ధమును ఎక్కువ చేయలేదు.

నేను ఈ మాట చెప్పగా సుబేదారుగారు కొంతసేపు ఊరకుండిరి. పిమ్మట వారన్న మాటలు ఇవి. "మాకు గెలిచిన రోజు ఉంది బాబూ. డిసెంబరు పదహారు. ఆ రోజు పిలిచి దండ వేస్తారు, శాలువా కప్పుతారు. మంచిదే, కాదనను. కానీ నాకు జ్ఞాపకం వచ్చేది ఆ రోజు కాదు. అంతకు పదిరోజుల ముందు ఒక రాత్రి. మేము కాలవ దాటినప్పుడు నా పక్కన ముగ్గురున్నారు. తెల్లవారేసరికి నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ రోజును ఎవరూ అడగరు."

1971 డిసెంబరు 16న ఢాకాలో తొంబది మూడు వేలమంది లొంగిపోయిరని పాఠ్యపుస్తకములు చెప్పును. అది దేశచరిత్రలో నిలువదగిన దినమే. కాని ఆ విజయదినము వెనుక ఒక్కొక్క సైనికునికి తనదైన కళ్లిపాడు ఒకటి కలదు. మనము గౌరవించునది సామాన్యముగా మొదటిదానిని. కారెంపూడి ప్రజలు గౌరవించునది రెండవదానిని.

పడమటి దేశములవారును ఒక మహావిపత్తు తరువాత ఈ సత్యమునకు దగ్గరగా వచ్చిరి. 1914 నుండి 1918 వరకు జరిగిన యుద్ధమున మరణించిన సైనికుల సమాధులను సంరక్షించుటకు 1917లో ఆంగ్ల సామ్రాజ్యమున ఒక సంఘము ఏర్పడినది. నేడు దానిని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ అందురు. అధికారియైనను సిపాయియైనను, ఏ జాతియైనను, ఏ మతమైనను అందరికిని సమాన గౌరవమే యని ఆ సంఘము నియమము చేసికొనినది. బిడ్డలను కోల్పోయిన తల్లులు, భర్తలను కోల్పోయిన స్త్రీలు వేల సంఖ్యలో ఫ్రాన్సు, బెల్జియము దేశముల రణభూములకు యాత్ర చేసిరి. బెల్జియములోని ఈప్ర నగరమున దేహము దొరకని సైనికుల పేర్లు చెక్కిన మెనిన్ గేటు కలదు. 1928 నుండి ప్రతి సాయంకాలము ఎనిమిది గంటలకు అచ్చట బాకా ఊదుచున్నారు. రెండవ యుద్ధమున జర్మనులు ఆ నగరమును ఆక్రమించిన కాలమున తప్ప ఆ నియమము తప్పలేదు. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ గ్రామమున 1927లో ఆవిష్కరించిన స్మారకముపై నాలుగు వేల ఏడు వందలకు పైగా భారతీయ సైనికుల పేర్లున్నవి.

అయినను ఆ సమానత్వ నియమము అందరికిని అందలేదు. 2021లో ఆ కమిషనే ఒక విచారణ నివేదికను ప్రకటించి, తన పూర్వపు లోపమును ఒప్పుకొనినది. ఆఫ్రికా, ఆసియా, మధ్యప్రాచ్యములలో సామ్రాజ్యము కొరకు మరణించిన కనీసము లక్షా పదహారు వేలమందికి పేరు పేరున స్మారకము కల్పింపలేదని ఆ నివేదిక సారాంశము. వారిలో అనేకులు ఆఫ్రికావారు, భారతీయులు, ఈజిప్టువారు; మూటలు మోసినవారు, త్రోవలు వేసినవారు. తెల్లవానికి పేరుతో రాయి. నల్లవానికి పేరు లేని లెక్క.

ఈ సంగతి చదివినప్పుడు నాకు చాపకూడు తలపునకు వచ్చినది. కన్నమదాసు పేరును, పశువులు కాచిన లంకన్న పేరును, తక్కువ కులములవారని లోకమనుకొనిన తమ్ముల పేర్లను పలనాటి పాట విడువలేదు. పలనాటిలో కులభేదము మాసిపోయినదని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పిన అసత్యమగును. కాని మరణించినవారి వరుసలో మాత్రము ఒక్క చాపయే యున్నది. రాజకుమారునికి ఒక దినము, పసులకాపరికి ఒక దినము. లంకన్నకొరకు ప్రత్యేకముగా మూడవ దినమును కేటాయించిన పెద్దలు, పేర్లను విడువక చెప్పుటయే గౌరవమునకు మొదటి నియమమని గ్రహించినవారు.

మన దేశపు సైనికుని విషయమున ఈ నియమము మరింత ముఖ్యము. హిందూ, సిక్కు సైనికులకు సమాధి ఉండదు. నాగాలాండులోని కొహిమాలో 1944 నాటి యుద్ధమున మరణించినవారి స్మశానవాటిక కలదు. అందులో 1,420 సమాధులున్నవి. దహనసంస్కారము పొందిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు వేరొక స్మారకముపై చెక్కియున్నవి. బూడిద నదిలో కలియును. రాయి మీద పేరు లేనిచో మిగులునది శూన్యము. కావుననే 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకమును ప్రారంభించినప్పుడు, స్వాతంత్ర్యము తరువాత అసువులు బాసిన ఇరువది అయిదు వేలకు పైబడిన సైనికుల పేర్లను త్యాగచక్రమను పేర వలయములుగా కట్టిన గోడలపై చెక్కించిరి. 1971 నాటివారి పేర్లును అందులో నున్నవి.

తెలుగుదేశమున యుద్ధస్మృతులు లేకపోలేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిన చోట వీరుల స్మారకస్తంభము కలదు. విశాఖపట్టణపు సముద్రతీరమున 1971 నాటి నౌకావిజయమునకు గుర్తుగా ఒక కట్టడము కలదు. పశ్చిమగోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరము గ్రామము తరతరములుగా సైన్యమునకు బిడ్డలను పంపుటచేత మిలిటరీ మాధవరమని పేరు పొందినది. అచ్చట పోయినవారిని గ్రామమే తలచుకొనును. మిగిలిన పల్లెలకు ఆ భాగ్యము లేదు. ఒక ఊరినుండి ఒక్కడే పటాలములో చేరును, ఒక్కడే పోవును. ఆ ఒక్కని పేరు ఢిల్లీలో గోడమీద నుండవచ్చును. ఆ గోడను వాని తల్లి చూడలేదు. వాని ఊరి బడిపిల్లలకు తెలియదు.

సుబేదారుగారిని నేను అడిగితిని: "మీరు పోరిన ఆ కాలువగట్టుకు మరల పోయినారా, సుబేదారుగారూ?" పోలేదని వారు చెప్పిరి. అది ఇప్పుడు పరదేశము. వయస్సు మీరినది, ఖర్చుతో కూడిన పని. "వీళ్లు అదృష్టవంతులు బాబూ. వీళ్ల రణం వీళ్ల ఏటి ఒడ్డునే ఉంది" అనిరి. తన రణభూమిని ఆయన కళ్లతో చూడలేరు గాని, ఆ ముగ్గురి పేర్లను ఆయన మరువలేదు. మెల్లగా వాటిని నాకు చెప్పిరి. ఒకటి తమిళ పేరు, ఒకటి మలయాళపు పేరు, ఒకటి మన తెలుగు పేరు. ఆ కుటుంబముల అనుమతి లేక వాటిని ఇచ్చట చెప్పుట భావ్యము కాదు. కాని వారి ఊళ్లలో ఎవరైన వాటిని బిగ్గరగా చెప్పుచున్నారా అని మాత్రము అడుగవలసి యున్నది.

యోధులను గౌరవించుట యనగా మనము చేయదగినది ఏమి? అందరము ఢిల్లీకి, కొహిమాకు, ఫ్రాన్సుకు పోలేము. పోగలిగినవారు తప్పక పోవలెను. రణభూమిని కాలితో త్రొక్కి చూచినవానికి యుద్ధమును గూర్చి పలుకు మాటలలో తొందరపాటు తగ్గును. పోలేనివారికి కారెంపూడి ఒక త్రోవ చూపుచున్నది. దానికి ధనముతో పనిలేదు. మన ఊరినుండి ఏ యుద్ధమునకు ఎవరు పోయిరో, ఎవరు తిరిగి రాలేదో పెద్దలను అడిగి వ్రాసికొనుట. బడిలోనో పంచాయతీ కార్యాలయములోనో ఒక పలకమీద ఆ పేర్లు నిలుపుట. ఏడాదికొక దినము వాటిని చదువుట. తిరిగి వచ్చినవా రుండినచో శాలువా కప్పి పంపివేయక, కూర్చుండబెట్టి వారు చెప్పునది వినుట. గెలిచిన దినమును గూర్చి మాత్రమే కాక, వారి మనసున నిలిచిన దినమును గూర్చి కూడ అడుగుట. ఒక వీరవిద్యావంతుని కంఠము ఎనిమిది వందల యేండ్ల కథను మోయగలిగినప్పుడు, మన బడిపిల్లలు ముగ్గురి పేర్లు మోయలేరా?

సాయంకాలము మేము తిరుగు ప్రయాణమునకు లేచునప్పటికి కొణతములు నాగులేటివైపు సాగుచుండెను. సుబేదారుగారు చెప్పులు విడిచి దారి పక్కన నిలిచిరి. ఆచారవంతులలో పదునారేండ్ల పిల్లవాడొకడు తండ్రి చేతినుండి కత్తిని అందుకొని, బరువునకు తూలి, మరల నిలద్రొక్కుకొని ముందుకు నడచెను. వారు ఆ బాలునికి సైనిక పద్ధతిలో వందనము చేసిరి. బాలుడు చూడలేదు. వారు చేయి దింపక, ఆయుధములన్నియు దాటిపోవువరకు అట్లే నిలిచిరి.